అద్దె చెక్కును బ్యాంకులో ఏ రోజు వేయాలి? ఇంటి యజమానులకు ఒక పోలిక

శ్రీకాకుళంలో ఇప్పుడు చాలా ఇళ్ల అద్దె ఫోనులోనే చేతులు మారుతోంది. అయినా చెక్కు పోలేదు. జీటీ రోడ్డులోనో పాలకొండ రోడ్డులోనో దుకాణం అద్దెకిచ్చినవారు, మేడ మీద వాటాను ఉపాధ్యాయులకో బ్యాంకు ఉద్యోగులకో ఇచ్చిన విశ్రాంత ఉద్యోగులు, హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడి అరసవల్లి వైపు సొంతిల్లు అద్దెకు వదిలినవారు ఇంకా చెక్కే అడుగుతున్నారు. కాగితం చేతిలో ఉంటే ఒక ధీమా. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, కరెంటు మీటరు ఎవరి పేరున అని ముందే తేల్చుకునేవారు కూడా ఒక్క సంగతి మాట్లాడుకోరు: ఆ చెక్కును ఖాతాలో ఏ రోజున వేస్తారు? చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, యజమానికీ అద్దెకున్నవారికీ మాట తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

ఈ విషయంలో యజమానుల అలవాట్లు ప్రధానంగా నాలుగు. చెక్కు చేతిలో పడ్డ రోజే బ్యాంకుకు వెళ్లేవారు ఒకరు. ఇద్దరూ అనుకున్న తేదీ వరకు ఆగేవారు ఇంకొకరు. తీరిక దొరికినప్పుడు రెండు మూడు నెలల చెక్కులు కలిపి వేసేవారు మూడో రకం. ఏడాదికి సరిపడా చెక్కులు ముందే రాయించుకుని నెలకొకటి తీసేవారు నాలుగో రకం. నా తీర్పు ముందే చెప్పేస్తాను. జీతం మీద బతికేవారికి ఇల్లు ఇస్తే రెండో పద్ధతి, దుకాణానికి నాలుగోది మేలు. మొదటిది కొందరి విషయంలో బాగానే నడుస్తుంది. మూడోది ఎవరికీ పనికిరాదు, అలవాటు పడినవారు మాత్రం ఎక్కువ.

చెక్కు మారే వేగం మారింది

పోలికలోకి వెళ్లే ముందు రెండు నిబంధనలు తెలియాలి. చెక్కు మీద రాసిన తేదీ నుంచి మూడు నెలలే అది చెల్లుతుంది. 2012 ఏప్రిల్ 1కి ముందు ఆరు నెలలు ఉండేది. ఆ పాత లెక్క పెద్దవారి మనసులో ఇంకా అలాగే ఉంది, పండగకు ఊరొచ్చినప్పుడు వేసుకోవచ్చులే అనే ధోరణి అక్కడి నుంచి వచ్చిందే.

రెండోది ఇటీవలిది. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కుల క్లియరింగ్, అంటే ఒక బ్యాంకు చెక్కుకు మరో బ్యాంకు నుంచి డబ్బు రాబట్టే పని, రోజంతా నడుస్తోంది. పగటి పూట వచ్చిన చెక్కుల బొమ్మలను బ్యాంకులు ఎప్పటికప్పుడు పంపుతాయి. డబ్బు కట్టవలసిన బ్యాంకు అదే రోజు రాత్రి 7 లోపు అవునో కాదో చెప్పాలి. అంతకుముందు చెక్కు మారడానికి ఒకటి రెండు పని దినాలు పట్టేది. అద్దెకున్నవారిలో చాలామంది ఆ సందును నమ్ముకుని ఉండేవారు. ఉదయం చెక్కు ఇచ్చి, మర్నాడు ఎక్కడి నుంచో డబ్బు తెచ్చి ఖాతాలో వేసేవారు. ఇప్పుడా సందు లేదు. అందుకే చెక్కు వేసే రోజుకు మునుపెన్నడూ లేని విలువ వచ్చింది. డ్రాప్ బాక్సులో వేస్తే మాత్రం బ్యాంకువారు దాన్ని ఎప్పుడు తీస్తారన్నదాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. తేదీ ముఖ్యమనుకుంటే కౌంటరులో ఇచ్చి స్లిప్పు మీద ముద్ర వేయించుకోవడం మేలు.

వచ్చిన రోజే వేయడం

యజమాని వైపు నుంచి చూస్తే ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు. చెక్కు పోదు, మరచిపోయే పని లేదు, డబ్బు లేకపోతే ఆ సంగతి అదే రోజు తెలిసిపోతుంది. పింఛను మీద ఆధారపడిన యజమానికి, ఆ అద్దెతోనే మందుల ఖర్చు గడిచే ఇంటికి ఇది సహజం కూడా.

చిక్కు అద్దెకున్నవారి జీతం తేదీతో వస్తుంది. నెల జీతాన్ని మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలన్నది వేతన చట్టం మాట. పైడిభీమవరం ఫార్మా పరిశ్రమల్లో పనిచేసే యువకుడు ఒకటో తేదీన మర్యాద కోసం చెక్కు ఇచ్చేస్తాడు, ఖాతాలో డబ్బు పడేది ఆరునో ఏడునో. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులదైతే ఆ తేదీకి కూడా భరోసా లేదు. పైగా ఐదో తేదీకి బండి వాయిదా, ఫోను వాయిదా ఖాతా నుంచి వాటంతటవే పోతాయి. మిగిలిన దానిలోంచి మీ చెక్కు మారాలి. అది తిరిగివస్తే రాసిన మనిషికి జరిమానా పడుతుంది, వేసిన మీకు కూడా చాలా బ్యాంకులు కొంత కోస్తాయి, దాని మీద జీఎస్టీ. ఏ తప్పూ చేయని ఇద్దరూ డబ్బు పోగొట్టుకుని, ఒకరి మీద ఒకరు కోపం తెచ్చుకోవడం తప్ప దీనివల్ల ఒరిగేది లేదు.

కాబట్టి నెల మొదట్లోనే నికరంగా డబ్బు పడే ఖాతా ఉన్నవారి విషయంలో మాత్రమే ఈ పద్ధతి ఎంచుకోండి. ఇద్దరి ఖాతాలూ ఒకే బ్యాంకులో ఉంటే ఇంకా సులువు, క్లియరింగ్ దాకా వెళ్లకుండానే మారిపోతుంది.

అనుకున్న తేదీన వేయడం

అద్దెకు దిగేటప్పుడే, ‘మాస్టారూ, జీతం ఏ తేదీన పడుతుంది?’ అని అడగడంలో తప్పు లేదు. ఆ తేదీకి రెండు మూడు రోజులు కలిపి చెక్కు తేదీ పెట్టుకోవాలి. చెక్కు మీద రాసే తేదీ, మీరు బ్యాంకుకు వెళ్లే తేదీ ఒకటే కావాలి. ఒకటో తేదీ వేసిన చెక్కు ఇచ్చి, పదో తేదీ దాకా ఆగండి అని నోటి మాట చెప్పడం మనవైపు మామూలే. ఆ మాట మీకు గుర్తుంటుంది, మీ తరఫున బ్యాంకుకు వెళ్లే కొడుక్కో కోడలికో తెలియదు. తేదీయే పదోది వేస్తే ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కరలేదు. ముందే తీసుకెళ్లినా బ్యాంకు ఇవ్వదు.

‘ప్రతి నెలా 10న, ఆ రోజు బ్యాంకు సెలవైతే తర్వాతి పని దినాన’ అని రాసుకుంటే ఆదివారాలు, రెండో నాలుగో శనివారాలు కూడా అందులోనే తేలిపోతాయి. జనవరి నెలను మాత్రం విడిగా చూడాలి. పదో తేదీ అంటే భోగికి మూడు నాలుగు రోజుల ముందు. బట్టలు, అల్లుళ్లు, ఊరి ప్రయాణాలు అన్నీ ఆ వారంలోనే. విజయనగరంలోనైతే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారం కూడా అంతే, దసరా సెలవులతో కలిసి వస్తుంది. ఆ రెండు నెలలకు చెక్కు తేదీని ఓ వారం ముందుకో వెనక్కో జరపమని అద్దెకున్నవారు అడిగితే ఒప్పుకోండి. అడగడం మంచి లక్షణం.

యజమానికి ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. పదో తేదీ దాకా ఆగితే అద్దె ఆలస్యమైనట్టా? చెక్కు తీసుకున్నాక అది మారితే, చెల్లింపు జరిగినది చెక్కు ఇచ్చిన రోజునే అన్నది 1954లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం. మంచి చెక్కు మీ బీరువాలో ఎన్నాళ్లున్నా, ఆ జాప్యాన్ని అద్దెకున్నవారి ఖాతాలో రాయడానికి లేదు. రశీదు మీద చెక్కు అందిన తేదీ, దాని నంబరు రాసివ్వండి. ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోరే ఉద్యోగులకు ఆ రశీదు అవసరం కూడా. అద్దె ఏడాదికి లక్ష దాటితే వారు మీ పాన్ నంబరు కూడా అడుగుతారు. అడిగారని ముఖం ముడుచుకోవద్దు.

పోగుచేసి వేయడం

అసలు గొడవ ఇది. ఇలా ఎందుకు చేస్తారంటే ఒక్కొక్కరిది ఒక్కో కారణం. విశాఖలోనో హైదరాబాదులోనో ఉండే యజమాని చెక్కులు మేనమామ దగ్గర ఉంచమంటాడు, మూడు నెలలకోసారి వచ్చి వేస్తాడు. కొందరికి బ్యాంకు వరుసలో నిలబడటం బద్ధకం. కొందరు అద్దెకున్నవారి మీద దయతోనే ఆపుతారు. ఇంకొందరికి మార్చి నెల చెక్కును ఏప్రిల్లో వేస్తే పన్ను వచ్చే ఏడాదికి జరుగుతుందన్న నమ్మకం.

ఆ చివరిదాన్ని ముందు తీసేద్దాం. ఇంటి అద్దె మీద పన్నుకు డబ్బు ఖాతాలో పడిన రోజుతో పని లేదు. ఆ ఏడాదికి రావలసిన అద్దె ఆ ఏడాది లెక్కలోకే వస్తుంది, అందులోంచి మున్సిపాలిటీకి కట్టిన ఇంటి పన్ను తీసి, మిగిలినదానిలో 30 శాతం తగ్గింపు ఇస్తారు. చెక్కును దాచినంత మాత్రాన ఒక్క రూపాయి కూడా కలిసిరాదు.

ఇక అద్దెకున్నవారి వైపు చూడండి. ఖాతాలో ముప్పై వేలు కనిపిస్తాయి. అందులో ఇరవై నాలుగు వేలు మీ మూడు చెక్కులవి. నెల నెలా లెక్క రాసుకునే మనిషైతే ఆ డబ్బు ముట్టుకోడు. పిల్లవాడి ఫీజు, ఇంట్లో జ్వరం, చెల్లెలి పెళ్లి అంటే ముట్టుకోక తప్పదు. సరిగ్గా ఆ వారంలో మీరు మూడు చెక్కులూ ఒకేసారి వేస్తారు. ఒకటి మారుతుంది, రెండు తిరిగి వస్తాయి. నెలనెలా వేసి ఉంటే మూడూ మారేవే. ‘డబ్బు ఉంచుకోవలసింది వాళ్లే కదా’ అన్న మాట న్యాయంగానే వినిపిస్తుంది. కాని మనుషుల చేతిలో డబ్బు ఎలా నిలుస్తుందో తెలిసిన యజమాని ఆ మాట మీద ఆధారపడడు.

చెక్కు మూలపడి ఉన్న కాలంలో మరికొన్ని జరగవచ్చు. జూన్ 5 తేదీ చెక్కుకు సెప్టెంబరు మొదటి వారంతో కాలం చెల్లుతుంది. అద్దెకున్న మనిషి బదిలీ అయి ఖాతా మూసేయవచ్చు, చనిపోవచ్చు. ఖాతాదారు మరణించాడని తెలిసిన బ్యాంకు ఆ చెక్కు మీద డబ్బు ఇవ్వదు. బ్యాంకే మారిపోవచ్చు. మన జిల్లాల్లో ఇది ఊహ కాదు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఊరూరా ఉన్న గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. విలీనం తర్వాత పాత చెక్కు పుస్తకాలు కొంతకాలమే నడుస్తాయి. బీరువాలో పాత పేరున్న చెక్కు ఏదైనా మిగిలి ఉంటే దాన్ని పట్టుకుని బ్యాంకుకు వెళ్లే ముందు కొత్తది రాయించుకోండి.

దయతో ఆపేవారికి ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చినప్పుడు, ఆ పంట మీద బతికేవారి నుంచి ఆ నెల అద్దె రాబట్టడం ఎవరికైనా కష్టమైన పనే. అలాంటి సమయంలో చెక్కు మీ దగ్గరే పెట్టుకుని ‘తర్వాత వేస్తానులే’ అనడం కంటే, ఆ చెక్కు తిరిగి ఇచ్చేసి, మూడు నెలల తర్వాతి తేదీతో కొత్త చెక్కు తీసుకోండి. పాత చెక్కు మీ దగ్గరున్నంతకాలం ఆ ఇంట్లో రాత్రి నిద్ర సరిగా ఉండదు. దయ చూపించదలిస్తే అవతలివారికి తేదీ తెలిసేలా చూపించాలి.

దూరాన ఉన్న యజమానులకు దారి వేరే ఉంది. చెక్కు మేనమామకు ఇప్పించనక్కరలేదు. మీ బ్యాంకుకు శ్రీకాకుళంలో శాఖ ఉంటే, అద్దెకున్నవారే చెక్కును మీ ఖాతా నంబరుతో అక్కడ వేసి, ముద్ర పడిన స్లిప్పు ఫోటో పంపవచ్చు. చెక్కు మీద ఎడమ మూల రెండు గీతలు గీసి ‘అకౌంట్ పేయీ’ అని రాస్తే దారిలో పోయినా ఇంకొకరి ఖాతాలో పడదు. విదేశంలో ఉండే యజమానులైతే అసలు చిక్కు చెక్కు తేదీ కన్నా పెద్దది. ప్రవాసికి అద్దె కట్టేవారు, మొత్తం ఎంత చిన్నదైనా, మూలంలోనే సాధారణంగా 31.2 శాతం పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఈ సంగతి తెలియకుండా నెలనెలా పూర్తి చెక్కు రాసే అద్దెదారులు మన ఊళ్లలో తక్కువేమీ కాదు.

ఏడాది చెక్కులు ముందే తీసుకోవడం

దుకాణాలకు ఇది సరిపోతుంది. వ్యాపారి ఖాతాలో డబ్బు రోజూ తిరుగుతుంది, తేదీలు ముందే తెలిస్తే అతనే సర్దుకుంటాడు. యజమానికి నెలనెలా వెళ్లి అడిగే పని తప్పుతుంది. అయితే పన్నెండు కాగితాలు ఇంట్లో పెట్టుకోవడమంటే పన్నెండు బాధ్యతలు. ఏ చెక్కు ఏ నెలది, నంబరెంత, మొత్తమెంత అని రెండు ప్రతులు రాసి ఇద్దరూ సంతకం చేయండి. మధ్యలో అద్దె పెరిగే ఒప్పందమైతే, పెరిగిన నెల నుంచి కొత్త మొత్తంతోనే రాయించండి. అద్దె నెలకు యాభై వేలు, ఆ పైన ఉంటే వ్యాపారి తన బ్యాంకుకు పాజిటివ్ పే వివరాలు, అంటే తాను రాసిన చెక్కు వివరాలు, ముందే పంపాడో లేదో కూడా కనుక్కోండి. పంపకపోతే కొన్ని బ్యాంకుల్లో పెద్ద చెక్కులు వెనక్కి వస్తాయి.

తేదీ లేని చెక్కు, మొత్తం రాయని చెక్కు ఇవ్వమని అడిగే యజమానులున్నారు. ఇవ్వవద్దని అద్దెదారులకు నా సలహా. సంతకం చేసిన ఖాళీ చెక్కును ఇష్టపూర్వకంగా ఇస్తే, దాన్ని నింపి వేసినా చెక్కు చెల్లని నేరం కింద కేసు నిలుస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. యజమాని వైపు కూడా ఒక కంచె ఉంది. ఆ నెల అద్దెలో కొంత ఫోను ద్వారా తీసుకుని, మళ్లీ పూర్తి మొత్తానికి ఉన్న చెక్కును అలాగే వేస్తే ఆ కేసు నిలబడదని 2022 తీర్పు. ఫోనులో డబ్బు పడిందంటే ఆ నెల చెక్కు ఆ రోజే వెనక్కి వెళ్లాలి, లేదా అందిన మొత్తం దాని మీద రాయాలి.

చెక్కు తిరిగి వస్తే

ముందు ఫోను చేయండి. చెక్కుకు కాలం ఉన్నంతవరకు మళ్లీ వేయవచ్చు, చాలా సందర్భాల్లో రెండోసారి మారుతుంది. మారదని తేలితే బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో అందిన 30 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది అందాక చెల్లించడానికి 15 రోజులు గడువు. అప్పటికీ రాకపోతే మరో నెలలోపు కోర్టులో ఫిర్యాదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా పడవచ్చు. ఈ లెక్కలన్నీ కాలం ఉండగా వేసిన చెక్కు తిరిగి వస్తేనే మొదలవుతాయి. అందువల్ల పోగుచేసి కాలం చెల్లిన చెక్కు వేసే యజమానికి ఈ దారే ఉండదు.

ఖాళీ చేయమన్నాక వచ్చే చెక్కు

యజమానులకు బొత్తిగా తెలియని చిక్కు ఒకటుంది. ఇల్లు ఖాళీ చేయమని నోటీసు ఇచ్చారు, గడువు దాటింది, అద్దెదారు కదల్లేదు. మర్నెల అలవాటుగా అతని చెక్కు వచ్చింది, మీరూ అలవాటుగా వేసేశారు. ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షన్ ఇదే ఉదాహరణ ఇచ్చి, గడువు తర్వాతి అద్దె తీసుకుంటే నోటీసును వదులుకున్నట్టే అంటుంది. పదకొండు నెలల ఒప్పందం ముగిసినా అద్దె తీసుకుంటూ ఉంటే నెలనెలా కౌలు కొనసాగుతున్నట్టు లెక్క. కాబట్టి నోటీసు ఇచ్చాక వచ్చే ఏ చెక్కునూ న్యాయవాదిని అడగకుండా వేయకండి.

విద్యార్థులకు గదులు ఇచ్చేవారికి చెక్కు గొడవే వద్దు. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికి వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఎక్కడో ఉంటారు. వారి ఖాతా నుంచి నెలనెలా ఒకే తేదీన మీ ఖాతాకు డబ్బు వెళ్లేలా బ్యాంకులో ఒకసారి ఆదేశం ఇప్పిస్తే చాలు. ఇంటికైనా అద్దెకున్నవారు దీనికి సిద్ధమంటే చెక్కు మానేయడమే నా సలహా.

ఇల్లు వదిలే నెలలో అద్దెదారులు ‘చివరి రెండు నెలలది అడ్వాన్సులో కోసుకోండి బాబుగారూ’ అంటారు. సరేనన్న క్షణంలోనే ఆ రెండు నెలల చెక్కులు మీ దగ్గరుంటే తిరిగి ఇచ్చి, జాబితాలో ఆ వరుసల మీద గీత కొట్టి, అందినట్టు సంతకం తీసుకోండి. తాళం చెవి ఆ తర్వాత.